ఫెలోషిప్ వెతికేవారికి కొన్ని తలకిందుల సలహాలు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు చాలామంది పిల్లలకు తెలిసిన స్కాలర్‌షిప్ ఒక్కటే: ఫీజు రీయింబర్స్‌మెంట్. కాలేజీ వాళ్లు పేరు పంపుతారు, సచివాలయంలో వేలిముద్ర వేయించుకుంటారు, ఎప్పుడో డబ్బు పడుతుంది. ఇందులో విద్యార్థి ఎంచుకునేది ఏమీ లేదు. పీజీ చివరికొచ్చి పీహెచ్‌డీ ఆలోచన మొదలయ్యాక, లేదా విదేశం పోదామనుకున్నాక, మొదటిసారి ఎంచుకోవాల్సి వస్తుంది. అప్పటికి అలవాటు లేదు, చెప్పే దిక్కూ తక్కువ.

దిక్కు లేనిచోట సలహాలకు మాత్రం కొదవుండదు. "కనపడినదానికల్లా అప్లై చెయ్ రా, ఏదో ఒకటి తగులుతుంది." "పోతే పెద్దదానికే పోవాల." "టాపర్‌ను అడుగు, వాడికి అన్నీ తెలుసు." ఈ మాటలు చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ వీటిని నమ్మి ఏటేటా తెలివైన పిల్లలు ఏడాది కాలం, ఇంట్లో కష్టపడి కూడబెట్టిన డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నవన్నీ వాటికి ఎదురు సలహాలు. వినగానే తప్పుడు సలహాల్లాగే ఉంటాయి. అయినా ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను.

1. ఎంతొస్తుందో చూడొద్దు, ఎవరికి రాదో చూడండి

నోటిఫికేషన్ తెరవగానే కన్ను అంకె మీదికే పోతుంది. యూజీసీ జేఆర్ఎఫ్ అయితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా 42,000. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ అయితే 70,000తో మొదలై 80,000 వరకు. ఆ అంకె చూశాక మిగతాదంతా అనుకూలంగానే కనిపిస్తుంది. ముందు అర్హత లేనివాళ్లెవరో చదవండి. అంకె ఆఖరున చూడొచ్చు.

నెట్ జేఆర్ఎఫ్‌కు వయసు పరిమితి 30 ఏళ్లు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ట్రాన్స్‌జెండర్లు, మహిళలకు 5 ఏళ్ల సడలింపు ఉంది. పీజీలో జనరల్ వారికి 55 శాతం, రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం మార్కులు కావాలి. పీజీ తర్వాత నాలుగేళ్లు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, డీఎస్సీ కోసం ఎదురుచూసి, అప్పుడు జేఆర్ఎఫ్ వైపు తిరిగే జనరల్ కేటగిరీ అబ్బాయికి ముందుగా తెలియాల్సింది 37,000 కాదు, ఆ 30.

ప్రధానమంత్రి ఫెలోషిప్ ఐఐటీలు, ఐఐఎస్సీ, ఐసర్‌ల వంటి ఎంపిక చేసిన సంస్థల్లో పీహెచ్‌డీ చేసేవారికే. యోగి వేమన విశ్వవిద్యాలయంలోనే చేస్తానని తీర్మానించుకున్న విద్యార్థి దాని గురించి నెల రోజులు చదవడం వృథా. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు ఇస్తుంది. ఇంటర్ బోర్డులో తొలి ఒక శాతంలో నిలిచినవారికి, అదీ ప్రాథమిక విజ్ఞాన శాస్త్రాల్లో డిగ్రీ చేరితేనే. అదే మార్కులతో బీటెక్‌లో చేరితే రాదు. బీఎస్సీ చేరాలనుకునే పిల్లను ఇంట్లోవాళ్లు "డబ్బెక్కడిది" అని ఆపేముందు ఈ వాక్యం చదివితే కొన్ని ఇళ్లల్లో తీర్మానం మారుతుంది.

ఇంకొకటి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీ విద్యార్థులకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ వృత్తిదారుల పిల్లలకు విదేశీ చదువు మొత్తం భరిస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, వయసు 35 లోపు ఉండాలి. కానీ 2022లో వచ్చిన నిబంధన ప్రకారం భారతీయ సంస్కృతి, చరిత్ర, వారసత్వం మీద విదేశంలో చేసే చదువుకు అది వర్తించదు. గండికోట చరిత్ర మీద లండన్‌లో పరిశోధిస్తానని అప్లికేషన్ పెడితే, ఎంత బాగా రాసినా అది గడప దాటదు. ఆ సంగతి రాసిన పేజీని ముందే చదివినవాడు తన దారి తాను వెతుక్కుంటాడు.

2. పొడుగాటి లిస్టులను నమ్మొద్దు

"వంద స్కాలర్‌షిప్పులు" అని వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్ ఒకటి ప్రతి విద్యార్థి ఫోన్లోనూ ఉంటుంది. అందులో కేవీపీవై ఇంకా ఉంటుంది. అది 2022లో ఆగిపోయి ఇన్‌స్పైర్‌లో కలిసింది. మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ ఉంటుంది. దాన్ని కేంద్రం 2022-23 నుంచి ఆపేసింది. మైనారిటీ విద్యార్థులు దానికోసం ఎదురుచూసి ఇతర గడువులు దాటించుకోవడం నిజంగా బాధ కలిగించే సంగతి. వారిలో ఓబీసీ సర్టిఫికెట్‌కు అర్హులైనవారికి ఓబీసీ నేషనల్ ఫెలోషిప్ దారి ఉంది, నెట్ దారి అందరికీ ఉంది.

రాష్ట్ర పథకాల సంగతీ అంతే. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, పేరుతోపాటు షరతులూ మారతాయి. విదేశీ విద్యకు సాయం ఒకప్పుడు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధిగా, ఎన్టీఆర్ విదేశీ విద్యాదరణగా ఉండేది. 2022లో జగనన్న విదేశీ విద్యా దీవెనగా వచ్చినప్పుడు ప్రపంచ ర్యాంకుల్లో పైన ఉన్న విశ్వవిద్యాలయాలకే పరిమితమైంది. మీ అన్నకు వచ్చింది కాబట్టి మీకూ వస్తుందని లెక్క వేసుకోకండి.

లిస్టు పక్కనబెట్టి, ఇచ్చే సంస్థ సొంత వెబ్‌సైట్‌లో ఈ ఏడాది తేదీ ఉన్న నోటిఫికేషన్ కనిపిస్తేనే అది ఉన్నట్టు. కనిపించకపోతే లేనట్టే.

3. ముందు చిన్నదానికే పోండి

"పెద్దదానికే పోవాల" అన్న మాటలో పౌరుషం ఉంది. కానీ పెద్ద ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు మొదట అడిగే ప్రశ్న: ఇంతకుముందు ఏం చేశావు? జమ్మలమడుగులో డిగ్రీ చదివిన అమ్మాయి దగ్గర దానికి జవాబు ఉండాలంటే మొదట చిన్నది గెలవాలి.

బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలతో కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తుంది. రెండు నెలలు దేశంలోని ఏదో ఒక మంచి ల్యాబ్‌లో శాస్త్రవేత్త దగ్గర పని; స్టైపెండ్ ఇస్తారు, అధ్యాపకులూ అప్లై చేయొచ్చు. గడువు సాధారణంగా నవంబరులో ముగుస్తుంది. దసరా వస్తే ప్రొద్దుటూరులో పదిరోజులు ఎవరికీ వేరే ధ్యాస ఉండదు. పండగ అయ్యాక చూద్దాంలే అనుకున్న పిల్లలకు మిగిలేది కొద్ది రోజులే. పండగకు ముందే ఆ ఫారం చూసిపెట్టుకోండి. ఆ రెండు నెలల తర్వాత ఒక శాస్త్రవేత్త మిమ్మల్ని పని చేస్తుండగా చూసి ఉంటారు. ఆయన రాసే సిఫారసు లేఖకు, "ఈ విద్యార్థి క్రమశిక్షణ గలవాడు" అని మూడు వాక్యాల్లో రాసిచ్చే లేఖకు పోలికే ఉండదు.

ఇంజినీరింగ్‌లోనూ ఇంతే. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, ప్రొద్దుటూరు ఇంజినీరింగ్ కాలేజీలో మొదటి సంవత్సరం చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది: ఏడాదికి 50,000, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు, ఇంటికి ఇద్దరు ఆడపిల్లల వరకు. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400. ఇవి గొప్ప పేర్లు కావు. కానీ గేట్ స్కోరుతో ఎంటెక్ చేసినవారికి రేపు పీహెచ్‌డీ ఫెలోషిప్ దగ్గర సగం దారి నడిచినట్టే.

చరిత్ర వాళ్లకు ఐసీహెచ్ఆర్ (భారత చారిత్రక పరిశోధన మండలి) స్టడీ కమ్ ట్రావెల్ గ్రాంటు ఉంది, ఆర్కైవులకు పోయి వచ్చే ఖర్చుకు. సామాజిక శాస్త్రాల వాళ్లు చూడాల్సిన ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) దక్షిణ ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లో, ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది. ఇలాంటి చిన్న గ్రాంటు రెజ్యూమేలో ఒక్క వరుసే. ఆ ఒక్క వరుస మీద పెద్ద గ్రాంటు నిలుస్తుంది.

శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1920ల్లో హార్వర్డ్‌కు బయలుదేరింది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ మాట సాయంతో, మామగారి డబ్బుతో. అక్కడికి చేరాక స్కాలర్‌షిప్ దొరక్క ఆసుపత్రిలో రాత్రి పని చేశారు. ఒక ఊరి ధర్మనిధి కదిలించిన ఆ మనిషి పని ఆ తర్వాత ప్రపంచమంతా వాడే మందుల దాకా పోయింది. మన ఊళ్లలోని కుల సంఘాల హాస్టళ్లు, ట్రస్టులు, వ్యాపారుల విద్యానిధులు ఇచ్చే సాయాన్ని చిన్నచూపు చూడొద్దు.

4. నోటిఫికేషన్ రాకముందే సర్టిఫికెట్ల కోసం తిరగండి

"ముందు సెలెక్ట్ కానీ, కాగితాలు తర్వాత చూద్దాం" అంటారు. మన వైపు ఎక్కువ అప్లికేషన్లు చచ్చేది ఇక్కడే.

బీసీ సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా, ఓబీసీ ఫెలోషిప్‌కు అదే చాలనుకుంటారు. చాలదు. రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ అయిన కొన్ని కులాలు కేంద్ర జాబితాలో లేవు. మీ కులం అందులో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని రాసి ఉన్న సర్టిఫికెట్ తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. నోటిఫికేషన్ అడిగిన ఆర్థిక సంవత్సరానిదై ఉండాలి. నాలుగేళ్ల క్రితం తీసినది చూపితే జనరల్‌లో వేస్తారు.

ఇక పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివర ఒక్క ఇంగ్లీషు అక్షరంగా ఉంటుంది. డిగ్రీ ప్రొవిజనల్‌లో అసలు ఉండదు. బ్యాంకు పాస్‌బుక్‌లో "రెడ్డి"కో "బాషా"కో ఒక అక్షరం ఎక్కువ. ఊళ్లో ఈ నాలుగూ ఒకే మనిషని అందరికీ తెలుసు. కంప్యూటర్‌కు తెలియదు, నలుగురు మనుషులనుకుంటుంది. పదో తరగతి మెమోను మూలంగా పెట్టుకుని మిగిలినవన్నీ దానికి సరిచేయించుకోండి. ఆధార్ మార్పు, దాంతో బ్యాంకు ఖాతా అనుసంధానం, ఆ ఖాతాకే డబ్బు పడేట్టు మ్యాపింగ్ ఉందో లేదో బ్యాంకులో అడిగి తెలుసుకోవడం, ఇవన్నీ కలిపి వారాలు పడతాయి. నోటిఫికేషన్ మాత్రం సాధారణంగా ఒక నెలే తెరిచి ఉంటుంది. జూన్, జులైలో ఈ పని చేసిపెట్టుకుంటే అక్టోబరులో మీరు ప్రపోజల్ గురించి ఆలోచిస్తుంటారు. మిగతావాళ్లు క్యూలో ఉంటారు.

5. వచ్చినవాళ్లను కాదు, రానివాళ్లను అడగండి

ఫెలోషిప్ వచ్చినవాడు "కష్టపడి చదివాను" అంటాడు. నిజమే, కానీ దాంతో మీకు పని జరగదు. రానివాడికి ఏ మెట్టు దగ్గర ఆగిపోయాడో తెలుసు: రెండో రౌండ్ ఇంటర్వ్యూలో "నీ పద్ధతి ఏమిటి" అంటే చెప్పలేకపోయాడు, గైడ్ సంతకం చివరి రోజు దొరకలేదు, సారాంశం 500 పదాలని ఉంటే 900 రాశాడు. ఇది విని రాసుకున్నవాడు ఆ మూడు తప్పులూ చేయడు.

మన దగ్గర ఓడిపోయినవాళ్లను ఎవరూ పిలిచి మాట్లాడించరు. కాలేజీలో సన్మానం, ఫ్లెక్సీ వచ్చినవాడికే. రానివాళ్లను మర్యాదగా అడిగి చూడండి. "అన్నా, యాడ ఆగింది?" అని అడిగితే చాలామంది మనసు విప్పి చెబుతారు, వాళ్లు పెట్టిన ప్రపోజల్ కూడా చూపిస్తారు.

6. టాపిక్ కోసం దూరం పోవద్దు

ప్రపోజల్ అనగానే "కృత్రిమ మేధ", "ప్రపంచీకరణ", "వాతావరణ మార్పు" అని మొదలుపెడతారు. దూరపు మాట గొప్పగా వినిపిస్తుందని అనుకుంటారు. ఎంపిక చేసేవాళ్ల ముందు అలాంటివి గుట్టలుగా ఉంటాయి. మీకు మాత్రమే చేతికందే విషయం మీ బస్సు దారిలోనే ఉంది.

ప్రొద్దుటూరుకు దగ్గరలోనే, ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. రేనాటి చోళుల కాలంలో, క్రీ.శ. 575 ప్రాంతంలో వేసిన శాసనం అక్కడి గుడిలో ఉంది. ఇంతవరకు దొరికిన తొలి తెలుగు శాసనంగా దాన్ని చెబుతారు. అక్కడి నుంచి ఒక ప్రపోజల్ ఎలా పుడుతుందో చూడండి. "రాయలసీమ చరిత్ర, సంస్కృతి" అని రాస్తే అది గాలి మాట. "రేనాటి చోళుల శాసనాలు" అని రాస్తే కాస్త నేల మీదికొచ్చింది. "కలమళ్ల, ఎర్రగుడిపాడు శాసనాల్లో దానాల మాటలు: ఎవరు ఇచ్చారు, ఏమిచ్చారు, ఎవరికిచ్చారు" అని రాస్తే ఇప్పుడు అది ప్రశ్న. దీనికి పద్ధతి దానంతటదే వస్తుంది: గుడికి పోయి రాయి చూడాలి, మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగంలో అచ్చులు చూడాలి, కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో ఇదివరకు రాసినవారిని చదవాలి. ఖర్చు లెక్క కూడా వచ్చేసింది: ఇన్ని ప్రయాణాలు, ఇన్ని రోజులు. ట్రావెల్ గ్రాంటుకు కావాల్సింది ఇంతే.

సైన్స్ వాళ్లకూ అంతే. పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది, చుట్టుపక్కల రైతులకు బోరు నీళ్ల మీద ఏళ్ల తరబడి ప్రశ్నలున్నాయి. జమ్మలమడుగు దగ్గర పెన్నా గండికోటను కోసుకుంటూ పారుతుంది. కడప హరివాణం రాళ్లు దేశమంతటి భూగర్భ శాస్త్రవేత్తలనూ ఇటు రప్పించాయి. చీనీ తోటలకు వచ్చే తెగుళ్లు, బట్టల అంగళ్లలో, బంగారు పనిలో బతికే కార్మికుల ఆరోగ్యం, ఇవన్నీ ఎవరో ఒకరు చేయాల్సిన పరిశోధనలే. మీరు అక్కడ పుట్టారన్నది ప్రపోజల్‌లో బలహీనత కాదు. మీకు భాష తెలుసు, దారి తెలుసు, ఇంట్లోకి రానిస్తారు. ఆ మాట ధైర్యంగా రాయండి.

7. మూడింటికి మించి పెట్టొద్దు

పది అప్లికేషన్లు పెడితే పది సార్లు ఒకటే ప్రపోజల్ పోతుంది. ఐసీఎస్ఎస్ఆర్ సమాజానికి పనికొచ్చే ప్రశ్న కోసం చూస్తుంది. ఐసీహెచ్ఆర్ ఆధారాలు ఎక్కడున్నాయో అడుగుతుంది. ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవారికి అమెరికాలో 6 నుంచి 9 నెలలు ఇస్తుంది. "అక్కడికే ఎందుకు పోవాలి" అన్నదానికి జవాబు కావాలి. మూడింటికీ ఒకే కాగితం సరిపోదు.

ఏడాదికి మూడు ఎంచుకోండి. ఒకటి తప్పక వస్తుందనుకునే చిన్నది, ఒకటి మీ స్థాయిది, ఒకటి పైకి ఎగిరి అందుకోవాల్సినది. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది కాబట్టి దాన్ని ఈ మూడింటిలో లెక్కపెట్టకండి. దానికి విడిగా చదవాలి. మిగతా సమయం ఈ మూడు ప్రపోజల్స్‌నీ గైడ్‌కు ఒకసారి, వేరే సబ్జెక్టు స్నేహితుడికి ఒకసారి చూపించి తిరగరాయడానికి వాడండి. వేరే సబ్జెక్టు వాడికి అర్థం కాకపోతే ఎంపిక కమిటీలో సగం మందికి అర్థం కానట్టే.

8. వచ్చినదాన్ని వద్దనడం కూడా నేర్చుకోండి

ఇది వినడానికి మహాపాపంలా ఉంటుంది. కానీ కొన్నింటికి షరతులుంటాయి, సంతకం పెట్టేముందు తెలియాలి. జె.ఎన్. టాటా ఎండోమెంట్ 1892 నుంచి ఎంతోమందిని విదేశం పంపింది. అది లోన్ స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి. బ్రిటన్ ఇచ్చే షెవెనింగ్‌కు 2,800 గంటల ఉద్యోగ అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఫుల్‌బ్రైట్ మీద పోయినవారికీ రెండేళ్లు తిరిగొచ్చి ఉండాల్సిన నిబంధన ఉంది. అక్కడే స్థిరపడాలన్నది ఇంట్లోవాళ్ల ఆశ అయితే ముందే కూర్చుని మాట్లాడుకోండి.

ఇంకో షరతు కాగితం మీద ఉండదు: గైడ్. నెలకు 37,000 ఇచ్చే ఫెలోషిప్‌తో, ఆరు నెలలకోసారి కూడా కాగితం చదవని గైడ్ దగ్గర ఐదేళ్లు గడపడం కంటే, తక్కువ డబ్బుతో ప్రతి నెలా కూర్చోబెట్టి దిద్దే గైడ్ మేలు. జేఆర్ఎఫ్ వచ్చాక చేరడానికి కొన్నేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువును గైడ్‌ను వెతుక్కోవడానికే వాడండి.

9. డబ్బు వచ్చిందన్న సంబరంలో అప్పు చేయొద్దు

ఎంపికైన రోజు నుంచి మొదటి నెల డబ్బు ఖాతాలో పడేలోపు నెలలు గడవడం మామూలే. జాయినింగ్ రిపోర్టు, యూనివర్సిటీ ధ్రువీకరణ, ప్రతి నెలా హాజరు నమోదు, ఇవన్నీ పూర్తయ్యాకే డబ్బు కదులుతుంది. ఇంట్లో పెళ్లికో బోరుకో ఆ 37,000ను ముందే లెక్కలో వేసుకోకండి. మొదటి ఆరు నెలలకు హాస్టల్, తిండి ఎలా అన్నది చేరేముందే తేల్చుకోండి.

అలాగే "ప్రాసెసింగ్ ఫీజు కడితే ఫెలోషిప్ ఖాయం" అని ఫోన్ చేసేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. నెట్ లాంటి పరీక్షకు పరీక్ష ఫీజు ఉంటుంది, అది అధికారిక వెబ్‌సైట్‌లోనే కడతారు. అంతకు మించి ఫెలోషిప్ ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే మోసగాళ్లే.

చివరిగా ఈ మూడు ఊళ్ల కాలేజీల్లో పాఠాలు చెప్పేవారికి ఒక విన్నపం. పిల్లలకు తెలివి తక్కువై ఫెలోషిప్పులు రాకుండా పోవడం లేదు. తేదీ తెలియక, కాగితం లేక, ప్రపోజల్ ఒకసారైనా దిద్దేవాళ్లు లేక పోతున్నాయి. ప్రతి డిపార్టుమెంటులో ఒక అధ్యాపకుడు ఏడాదికి ముగ్గురు విద్యార్థులను ఎంచుకుని, ఒక్కొక్కరి ప్రపోజల్‌ను మూడుసార్లు దిద్దండి. గడువు తేదీలు నోటీసు బోర్డు మీద చేత్తో రాసి పెట్టండి. విద్యార్థులారా, మీ సార్ అడగకపోతే మీరే పోయి అడగండి.